లోహం, కులం, జ్ఞాపకం: వాడ వైపు నుంచి సీసం చరిత్ర

దళిత చరిత్ర రాసేవాళ్ళం ఇప్పటిదాకా భూమి గురించి రాసినం. వెట్టి గురించి, బావి గురించి, బడి గురించి రాసినం. కారంచేడు (1985), చుండూరు (1991) గురించి రాసినం. ఇవన్నీ రాయవలసినవే. కాని మన ఒంట్లోకి ఏం పోయింది, పోయి ఏం చేసింది అన్న చరిత్రని మాత్రం డాక్టర్లకి వదిలిపెట్టినం. డాక్టర్లు దాన్ని రోగం అన్నరు తప్ప చరిత్ర అనలేదు. రోగం ఒక మనిషికి వస్తది. అదే రోగం తరతరాలుగా ఒకే రకం పని చేసేవాళ్ళకి, ఒకే రకం ఇండ్లల్లో ఉండేవాళ్ళకి వస్తుంటే దాన్ని చరిత్ర అనక తప్పదు.

ఈ వ్యాసం సీసం అనే ఒక లోహం గురించి. మనిషి మెదడుకి, ముఖ్యంగా పిల్లల మెదడుకి, జ్ఞాపకానికి అది చేసే హాని గురించి. ఆ హాని ఎవరి వంతుకి వచ్చింది, ఎందుకు వచ్చింది, దాని గురించి మాట్లాడేటప్పుడు మనం ఏ జాగ్రత్త పడాలె అన్నది దీని చర్చ.

లోహానికీ కులం ఉంది

మనుస్మృతి పదో అధ్యాయం చండాలుడు పగిలిన పాత్రల్లో తినాలని, ఇనుప నగలే పెట్టుకోవాలని చెబుతుంది. అంటే ఏ లోహం ఎవరు ముట్టాలి అన్నది ధర్మశాస్త్రం నిర్ణయించిన విషయం. ఇదంతా పాత పుస్తకాల సంగతి అనేవాళ్ళు 1936లో అచ్చయిన అంబేద్కర్ 'కుల నిర్మూలన' చూడాలి. అహ్మదాబాద్ జిల్లాలోని జాను అనే ఊళ్ళో 1935 నవంబరులో కొంత స్థితిపరులైన అంటరాని కుటుంబాల ఆడవాళ్ళు లోహపు బిందెలతో నీళ్ళు తేవడం మొదలుపెడితే, అది తమ గౌరవానికి భంగమని హిందువులు వాళ్ళని కొట్టిన సంఘటనని ఆయన అందులో చెప్పాడు. నీళ్ళు తెచ్చినందుకు కాదు, బిందె లోహానిది అయినందుకు దెబ్బలు!

మన తెలంగాణలో ఇత్తడి బిందె ఊరిది, మట్టికుండ వాడది అని పెద్దమనుషులు ఇప్పటికీ చెప్తరు. హోటళ్ళల్లో రెండు గ్లాసుల పద్ధతి కూడా పాత్రకి కులం అంటగట్టడమే. జనగామ పక్కన పెంబర్తిలో ఇత్తడి రేకు మీద చేసే పని దేశమంతా పేరు మోసింది. గుడి తలుపులకి, రథాలకి, విగ్రహాలకి ఆ రేకు పోయింది. ఆ గుడి లోపలికి మనం పోలేదు. వరంగల్ చరిత్ర అంటే తోరణాలు, వేయిస్తంభాలు అని చదువుకున్న మనకి ఈ సంగతి ఏ పాఠంలోనూ రాలేదు.

మరి లోహం వాడలోకి ఎట్ల వచ్చింది? కొత్తగా మెరిసిపోతూ రాలేదు, ఎక్కువగా తుక్కుగా వచ్చింది. ఊరు వాడుకుని పారేసిన తర్వాత ఏరే పనిగా, పగలగొట్టే పనిగా, కరిగించే పనిగా వచ్చింది. మనం సిల్వర్ గిన్నె అని పిలుచుకునే అల్యూమినియం గిన్నె చవకగా వస్తది కాబట్టి వంటింట్లోకి వచ్చింది. తుక్కుని కరిగించి పోసిన గిన్నెల్లో సీసం కూడా కలిసి ఉండొచ్చని, పులుపు వేసి వండితే అది కూరలోకి దిగుతుందని ఈ మధ్య కాలంలో పరిశోధకులు చాలా దేశాల్లో చూపించారు. హిండాలియం అని పిలిచే మిశ్రమ లోహంతో చేసిన కొన్ని గిన్నెల గురించి అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2025లో తన ప్రజలకి హెచ్చరిక ఇచ్చింది. చింతపండు లేకుండా పొద్దు గడవని మన వంటింటికి ఆ హెచ్చరిక ఎవరు ఇవ్వాలి?

ఒకప్పుడు లోహాన్ని ముట్టనివ్వలేదు. తర్వాత లోహంలోని విషాన్ని మనకి అప్పజెప్పారు. ఈ రెండూ ఒకే చరిత్రలోని రెండు అధ్యాయాలు.

మెదడులో ఏం జరుగుతది

సీసం ఒంటికి ఏ రకంగానూ పనికొచ్చేది కాదు. ఇనుము రక్తానికి కావాలి, కాల్షియం ఎముకకి కావాలి. సీసంతో ఏ అవసరమూ లేదు. కాని అది మారువేషంలో వస్తది. శరీరం దాన్ని చూసి కాల్షియం అనుకుంటది. కాల్షియం పోయే దారులన్నింటిలో అది పోతది. రక్తంలో నెల రోజుల పైన ఉండి సగానికి తగ్గుతది. అయితే ఆ తగ్గింది మొత్తం బయటికి పోలేదు. కొంత ఎముకల్లో చేరి ఇరవై ముప్పై ఏండ్లు అక్కడే కూర్చుంటది. ఆడమనిషి కడుపుతో ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు ఎముకలోని కాల్షియం కరిగి బిడ్డకి పోయినట్టే ఈ సీసమూ కరిగి బిడ్డకి పోతది. అంటే తల్లి చిన్నప్పుడు మింగిన విషం బిడ్డకి వారసత్వంగా వస్తున్నది. భూమి వారసత్వంగా రానివాళ్ళకి వచ్చిన వారసత్వం ఇది!

మెదడు లోపల హిప్పోకాంపస్ అనే భాగం ఉంది. కొత్తగా నేర్చుకున్నది జ్ఞాపకంగా నిలబడటానికి అది ముఖ్యం. ఒక నరకణం ఇంకో నరకణంతో పదే పదే మాట్లాడితే ఆ సంబంధం గట్టిపడుతుంది. నేర్చుకోవడం అంటే లోపల జరిగేది ఇదే. ఆ గట్టిపడటానికి కణంలోకి కాల్షియం పోవాలి. అది పోయే ద్వారాన్ని సీసం అడ్డుకుంటది. ఫలితంగా పిల్లవాడు విన్నది నిలవదు, ఒక పని మీద దృష్టి ఆగదు, చిరాకు ఎక్కువైతది. బయటికి చూస్తే ఏ రోగమూ కనపడదు. పంతులు మాత్రం 'వీనికి చదువు ఎక్కదు' అంటడు.

ఇంకొక మాట. పెద్దవాళ్ళు మింగిన సీసంలో దాదాపు పదో వంతు ఒంటికి పడితే, పిల్లలకి సగం దాకా పడుతుంది. ఇనుము తక్కువైన పిల్లలకి, ఆకలితో ఉన్న పిల్లలకి ఇంకా ఎక్కువ పడుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఆరు నెలల నుంచి అయిదేళ్ళ లోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే విషం అందరికీ సమానంగా పంచినా అందరి ఒంట్లోకీ సమానంగా పోదు. ఆకలి దానికి తలుపు తీస్తది.

సీసానికి ఇంత దాకా పర్వాలేదు అనే హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. రక్తం డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు ఉంటే ఆ సీసం ఎక్కడి నుంచి వస్తున్నదో వెతికి ఆపాలని 2021లో సూచించింది. అమెరికాలో ఈ హద్దు 1960లలో 60 ఉండేది. 1991లో 10కి, 2012లో 5కి, 2021లో 3.5కి వచ్చింది. నిన్న ఆరోగ్యవంతుడని ఇంటికి పంపిన పిల్లవాడు ఇవాళ్టి లెక్కలో బాధితుడు. సైన్సు హద్దులు కూడా పోరాటాలతోనే కదులుతాయని దీన్నిబట్టి అర్థం చేసుకోవాలి.

అక్షరం కింద సీసం

మన ఉద్యమాల చరిత్రకి కరపత్రాలు, పత్రికలు ఆధారం. 1966లో హనుమకొండ నుంచి సృజన మొదలైన కాలం చేత్తో అక్షరాలు పేర్చే కాలం. ఆ అక్షరం దేనితో చేసింది? సీసం, ఆంటిమొని, తగరం కలిపి పోసింది. అందులో ఎక్కువ పాలు సీసానిదే. తెలుగుకి గుణింతాలు, వత్తులు అన్నీ విడివిడిగా ఉండాలి కాబట్టి కంపోజిటర్ ముందు వందల గళ్ళ కేసులు ఉండేవి. నిలబడి ఒక్కొక్క అక్షరం ఏరి స్టిక్కులో పేర్చి, గ్యాలీలోకి దించి, అచ్చయినాక మళ్ళీ ఏ గడిలోది ఆ గడిలో వేయాలి. కేసుల అడుగున బూడిద రంగు దుమ్ము. అదే చేత్తో బీడీ, అదే చేత్తో చాయి. పాత అక్షరాలు కరిగించి కొత్తవి పోసే చోట ప్రమాదం ఇంకా ఎక్కువ.

ఇది ఎవరికీ తెలియని సంగతి కాదు. ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జిని 1700లోనే పనివాళ్ళ రోగాల మీద పుస్తకం రాశాడు. బ్రిటిష్ ఇండియాలో 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టంలోనే సీసం విషం ఉంది. అప్పుడు వరంగల్ నిజాం రాజ్యంలో ఉంది కాబట్టి ఆ చట్టం మనది కాదు. 1948 ఫ్యాక్టరీల చట్టం తప్పనిసరిగా తెలియజేయవలసిన రోగాల పట్టికలో మొదటి పేరే సీసం విషం. అటువంటి రోగిని చూసిన డాక్టరు ఫ్యాక్టరీల ప్రధాన ఇన్‌స్పెక్టర్‌కి రాయాలని ఆ చట్టంలో ఉండేది.

చట్టం ఉంది. మరి ఎక్కడ ఆగింది? ఫ్యాక్టరీ అన్న మాట దగ్గరే ఆగింది. కరెంటుతో నడిస్తే పదిమంది, కరెంటు లేకుంటే ఇరవైమంది పనివాళ్ళు ఉంటేనే ఆ చట్టం లెక్కలో ఫ్యాక్టరీ అయ్యేది. గల్లీలో ఒక ట్రెడిల్, ఇద్దరు కంపోజిటర్లు ఉండే ప్రెస్సు ఫ్యాక్టరీ కాదు. బ్యాటరీ బాగుచేసే డబ్బా కొట్టు ఫ్యాక్టరీ కాదు. ఇత్తడి గిన్నెలకి కళాయి పోసేవాని కొలిమి ఫ్యాక్టరీ కాదు. 2020లో పార్లమెంటు చేసిన కొత్త కోడ్ ఈ అంకెల్ని 20కీ 40కీ పెంచింది. ఎంత చిన్న కొట్టు అయితే అంత దగ్గరగా విషం, అంత దూరంగా చట్టం.

కంప్యూటర్ వచ్చి 1990లలో కేసులు, స్టిక్కులు తుక్కుకి పోయినయి. కంపోజిటర్ల పని పోయింది. ఇతరుల జ్ఞాపకాలని పేర్చి అచ్చువేసిన ఆ మనుషుల ఎముకల్లోని సీసాన్ని ఎవరూ లెక్కగట్టలేదు. అమెరికాలో బాల్టిమోర్ నగరంలో 50 నుంచి 70 ఏళ్ళ మధ్యవాళ్ళ కాలి ఎముకలో సీసం కొలిచి చూస్తే, అది ఎక్కువ ఉన్నవాళ్ళకి జ్ఞాపకం, ఆలోచన పరీక్షల్లో ఫలితం తక్కువగా వచ్చింది. ముసలితనం వల్ల మతిమరుపు అని మనం తేలిగ్గా అనేసే దాంట్లో పని చరిత్ర ఎంత ఉందో ఎవరు చూశారు?

పెట్రోలు కథ

1921లో అమెరికాలో జనరల్ మోటార్స్ కంపెనీ ఇంజనీరు థామస్ మిడ్జ్‌లీ పెట్రోలులో సీసం కలిపితే ఇంజను చప్పుడు తగ్గుతుందని కనుక్కున్నాడు. 1924 అక్టోబరులో న్యూజెర్సీలోని కర్మాగారంలో పనివాళ్ళు మతి తప్పి, లేనివి ఉన్నట్టు చూస్తూ, అయిదుగురు చనిపోయారు. అలిస్ హామిల్టన్ అనే డాక్టరమ్మ 1925లోనే ఇది వద్దని హెచ్చరించింది. అయినా ఏడెనిమిది దశాబ్దాలు ప్రపంచమంతా అదే పెట్రోలు తాగింది. మన దేశంలో 2000 ఫిబ్రవరి నాటికి గాని పూర్తిగా ఆగలేదు. లోకంలో చిట్టచివరి దేశంగా అల్జీరియా 2021లో ఆపింది.

సీసం ఉన్న పెట్రోలు ఇంకా దొరుకుతున్న రోజుల్లోనే, 1990ల చివర, బెంగళూరుకి చెందిన జార్జ్ ఫౌండేషన్ హైదరాబాద్ సహా పెద్ద నగరాల్లో రక్త పరీక్షలు చేయించింది. 12 ఏళ్ళ లోపు పిల్లల్లో సగానికి పైగా 10 మైక్రోగ్రాములు దాటినవాళ్ళే. పెట్రోలు మారింది గాని కథ ముగియలేదు. 2020లో యునిసెఫ్ లెక్క ప్రకారం లోకంలో 80 కోట్ల మంది పిల్లల రక్తంలో 5 మైక్రోగ్రాములు, అంతకి మించి సీసం ఉంటే, అందులో 27 కోట్లకు పైగా మన దేశపు పిల్లలే. ఇవాళ లోకంలో వాడే సీసంలో ఎక్కువ భాగం బ్యాటరీల్లోకి పోతున్నది. ఆటోకి బ్యాటరీ కావాలి, ఇన్వర్టర్‌కి బ్యాటరీ కావాలి. పాతదాన్ని పగలగొట్టి, ఆసిడ్ నేల మీద పారబోసి, పలకల్ని పొయ్యి మీద కరిగించే మనిషి మాత్రం ఎవరికీ కనపడడు. పాత బ్యాటరీలు వెనక్కి తీసుకోవాలని 2001లో, మళ్ళీ 2022లో నిబంధనలు వచ్చినయి. నిబంధన కాగితం మీద నడుస్తది, పొగ ఇంటి మీద నడుస్తది.

ఏలూరు చెప్పిన పాఠం

2020 డిసెంబరు 5న ఏలూరు వన్‌టౌన్ ప్రాంతంలో ఉన్నట్టుండి జనం కిందపడిపోవడం మొదలైంది. మూడు నుంచి అయిదు నిమిషాల ఫిట్స్, తలనొప్పి, వాంతులు, ఆందోళన, కొన్ని నిమిషాలు ఏమీ గుర్తులేకపోవడం. కొద్ది రోజుల్లోనే 600 మందికి పైగా ఆసుపత్రికి వచ్చారు. ఒకరు చనిపోయారు. కోవిడ్ కాదని తేలింది. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయని మొదట ప్రకటించారు. తర్వాత పది రోజుల్లో నిపుణుల సంస్థలు పురుగుమందుల అవశేషాలే ముఖ్య కారణం కావచ్చని ముఖ్యమంత్రికి నివేదించాయి.

ఫిట్స్‌కి సీసమే కారణమని నేను ఇక్కడ వాదించటం లేదు. నా ప్రశ్న వేరే. ఆ ఫిట్స్ రాకపోతే ఆ రక్తాన్ని ఎవరైనా పరీక్షించేవాళ్ళా? సీసం మామూలుగా ఫిట్స్ తెప్పించి తన రాక చెప్పదు. చాలా ఎక్కువైతే తప్ప కిందపడేయదు. రోజూ కొంచెం కొంచెం పోయి, ఒక తరం చదువుని, జ్ఞాపకాన్ని చడీచప్పుడు లేకుండా తింటది. వందలమంది ఒకేసారి కిందపడితే మంత్రులు వస్తరు, కేంద్రం నుంచి బృందాలు వస్తయి. లక్షలమంది నిలబడే నష్టపోతుంటే ఎవరూ రారు.

మెరిట్ అనే వాళ్ళకి జవాబు

ఇక్కడే అసలు చిక్కు ఉంది. సీసం పిల్లల తెలివిని తగ్గిస్తుందని, అది ఎక్కువగా పేద కులాల పిల్లలకే తగులుతుందని మనమే రాస్తే, 'మేము మొదటి నుంచీ చెప్తున్నది అదే కదా, వాళ్ళకి తెలివి తక్కువ' అని అగ్రకుల పండితుడు చంకలు గుద్దుకోడా? 1986లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం వెనుకబడిన తరగతుల రిజర్వేషన్ పెంచినప్పుడు, 1990లో మండల్ ప్రకటన వచ్చినప్పుడు మెరిట్ పేరుతో రోడ్లెక్కిన వాదం ఇదే. మా ఇంట్లో యూనివర్సిటీ మెట్టెక్కిన మొదటి మనిషిని నేను. ఈ వాదం నాకు పుస్తకాల్లో ఎదురైంది కాదు. కాబట్టి దీనికి జవాబు చెప్పకుండా సీసం గురించి రాయడం బాధ్యత అనిపించుకోదు.

మొదటి జవాబు న్యూజీలాండ్ నుంచి వచ్చింది. డునెడిన్ నగరంలో 1972-73లో పుట్టిన దాదాపు వెయ్యిమందిని పరిశోధకులు పుట్టుక నుంచి గమనిస్తున్నారు. వాళ్ళలో సగం మందికి పైగా పదకొండో ఏట రక్తంలో సీసం కొలిచారు. అప్పుడు సీసం పెట్రోలు పొగ ఊరంతా ఉంది కాబట్టి ఉన్నవాళ్ళ పిల్లలకీ, లేనివాళ్ళ పిల్లలకీ ఒకే తీరుగా తగిలింది. 38 ఏళ్ళకి చూస్తే సీసం ఎక్కువ ఉన్న పిల్లల తెలివి కొలతలు తగ్గాయి. తల్లిదండ్రుల కంటే తక్కువ స్థాయి ఉద్యోగాల్లోకి జారారు. అంటే విషానికి కులం, వర్గం తెలియదు. మెదడుకీ తెలియదు. ధనవంతుని బిడ్డకి పోసినా అది అదే పని చేస్తది. మరి మన దగ్గర ఒక వైపే ఎక్కువ పోతున్నదంటే తేడా మెదడులో లేదు, పోసే చేతిలో ఉంది.

రెండో జవాబు: 'వాళ్ళే అంత' అనే మాట విషం అమ్మేవాళ్ళకి ఎప్పుడూ పనికొచ్చింది. 1950లలో అమెరికాలో గోడల రంగు తిని పిల్లలు చనిపోతుంటే, సీసం పరిశ్రమ సంఘం పెద్దలు రంగుది తప్పు కాదు, మురికివాడలది, నల్లజాతి, ప్యూర్టోరికో తల్లిదండ్రులకి చెప్పినా అర్థం కాదు అన్న ధోరణిలో రాశారు. 1979లో హెర్బర్ట్ నీడిల్‌మన్ పిల్లల పాలపళ్ళలో సీసం కొలిచి, రోగం కనపడని పిల్లలకి కూడా తెలివికి, ఏకాగ్రతకి దెబ్బ తగులుతుందని చూపిస్తే, 1991లో ఆయన మీదే శాస్త్రీయ మోసం ఆరోపణ తెచ్చారు. విచారణలో అది నిలబడలేదు. 1994లో అదే దేశంలో నల్లవాళ్ళకి తెలివి తక్కువని సూచించే 'ది బెల్ కర్వ్' పుస్తకం లక్షల్లో అమ్ముడుపోయింది. విషాన్ని దాచిపెట్టి, విషం పనితనాన్ని పుట్టుక లక్షణంగా చూపించడం పాత ఎత్తు. కర్మ సిద్ధాంతం మన దగ్గర చేసిన పనీ ఇదే.

మూడో జవాబు: దెబ్బ అంటే తలరాత కాదు. సీసం వల్ల జరిగే నష్టం ఒక సముదాయం మొత్తం మీద సగటుగా కనపడేది. దాన్ని బట్టి ఒక పిల్లవాడిని చూసి 'వీడు ఇంతే' అనే హక్కు ఎవరికీ లేదు. మంచి తిండి, మంచి బడి, ఓపిక ఉన్న పంతులు ఉంటే పిల్లలు చాలా దూరం పోతరు. విషం మధ్య పెరిగి కూడా ఇంత దూరం వచ్చిన మన పిల్లలది మెరిట్ కాకపోతే ఇంకేది మెరిట్?

ఏం అడగాలి

1969 చివర న్యూయార్క్ ఈస్ట్ హార్లెంలో యంగ్ లార్డ్స్ అనే ప్యూర్టోరికన్ యువకుల సంఘం నగర ఆరోగ్య శాఖ దగ్గర బైఠాయించి, మూలన పడి ఉన్న సీసం పరీక్ష కిట్లు తీసుకుని ఇల్లిల్లూ తిరిగి పిల్లలకి పరీక్షలు చేసింది. మరుసటి ఏడు నగరం సీసం నియంత్రణకి ఒక విభాగమే పెట్టింది. 1978లో ఇండ్ల రంగుల్లో సీసం నిషేధం అయింది. మన పక్కన బంగ్లాదేశ్‌లో పసుపు మెరవడానికి సీసం కలిసిన పసుపుపచ్చ రంగు పూస్తున్నారని 2019లో తేలితే, ప్రభుత్వం మార్కెట్ల మీద పడింది. సీసం ఉన్న పసుపు నమూనాలు 47 శాతం నుంచి 2021కి సున్నాకి వచ్చినయి. పేద దేశాల వల్ల కాదనే మాటకి ఇదే జవాబు.

వరంగల్‌లో కాకతీయ మెడికల్ కాలేజీ ఉంది. ఎంజీఎం ఆసుపత్రి ఉంది. కాకతీయ యూనివర్సిటీ ఉంది. 1959 నాటి ఇంజనీరింగ్ కాలేజీ ఇప్పుడు ఎన్ఐటీగా ఉంది. హైదరాబాద్‌లో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. రక్తం తీయగలిగిన చేతులు, కొలవగలిగిన చేతులు, లెక్క రాయగలిగిన చేతులు అన్నీ ఉన్నయి. అడిగే నోరు కావాలి. అంగన్‌వాడీ పిల్లలకి, కడుపుతో ఉన్న ఆడవాళ్ళకి సీసం పరీక్ష ఉచితంగా చేయాలని అడగాలి. బ్యాటరీ, తుక్కు, రంగు పనివాళ్ళకి ఏటా పరీక్ష కావాలి, కొట్టు ఎంత చిన్నదైనా చట్టం వర్తించాలి. ఇండ్ల రంగుల్లో సీసం పదిలక్షల్లో 90 పాళ్ళు దాటరాదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమలులో ఉంది. మన బడుల, హాస్టళ్ళ గోడల మీద ఉన్న పాత రంగు సంగతి ఏమిటో తేల్చాలి. పరీక్షల వివరాలు కులం, పని, వాడ వారీగా బయటపెట్టాలి. పేర్లు మాత్రం బయటికి రాకూడదు. ఎందుకంటే రేపు అదే కాగితం మన పిల్లవాడిని వెనక బెంచీలో కూర్చోబెట్టడానికి సాకు కావొద్దు.

విద్యార్థి సంఘాలు, ఉపాధ్యాయులు ఇది డాక్టర్ల పని అనుకోవద్దు. ఏ వాడ పక్కన ఏ పొయ్యి మండుతున్నదో, ఏ గల్లీలో బ్యాటరీలు పగులుతున్నయో డాక్టరు కంటే ముందు మనకి తెలుసు. ముందు ఆ పటం గీయాలి. దళిత చరిత్ర అంటే జ్ఞాపకాన్ని కాపాడుకోవడం అని మనం తరచుగా అంటుంటం. ఆ జ్ఞాపకం ఉండేది మనుషుల మెదళ్ళలోనే కాబట్టి, ఆ మెదళ్ళని కాపాడుకోవడం కూడా చరిత్రకారుల పనే.